వచ్చే నీరు, పోయే నీరు: కర్నూలు, కడపల మురుగు చరిత్ర

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని మరో పేరు) ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే కట్ట లేచిందని శాసనం చెబుతుంది. చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, తగలకూడని 6 దోషాలను అందులో వరుసగా చెక్కించారు. వాన తక్కువైన సీమలో నీటిని ఎలా పట్టాలో, ఎక్కడ ఆపాలో అంత శ్రద్ధగా రాతికెక్కించిన పత్రం దక్షిణాదిలో అరుదు.

ఈ నేల నీటి చరిత్ర అంతా ఇలాగే వచ్చే నీటి చరిత్ర. చెరువు, కుంట, ఊటబావి, ఆనకట్ట, కాలువ, ఎత్తిపోతల ఏది తీసుకున్నా శాసనమో, జీవోనో, ఉద్యమమో దానికి తోడుగా ఉంది. వాడి వదిలేసిన నీరు ఎటు పోయిందన్న ప్రశ్నకు మాత్రం రాయలసీమ చరిత్రలో ఒక అధ్యాయం కూడా లేదు. ఈ లోటుకు నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. మురుగు వ్యవస్థ నీటి వ్యవస్థ వెనకాలే నడుస్తుంది. కుళాయి రాని ఊరికి భూగర్భ డ్రైనేజి రాదు. కర్నూలు, కడప పట్టణాల మురుగు కథను ఈ క్రమంలోనే చదవాలి.

కలరా పుట్టించిన మునిసిపాలిటీ

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమండలాలు దక్కాయి. వాటికి తొలి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. ఆయన తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి ఇంగ్లండు వెళ్లబోయే ముందు తన పాత సీమను చివరిసారి చూడాలని 1827 వేసవిలో బయల్దేరాడు. గుత్తి ప్రాంతంలో ఉండగా ఆయన శిబిరంలోకి కలరా చొరబడింది. జులై 6న, ఇప్పటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో మన్రో ఆ వ్యాధితోనే చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం అక్కడ చెట్ల తోపు వేయించింది, రాతి మెట్ల బావి కట్టించింది.

కలరా నీటి వల్ల వ్యాపిస్తుందని ఆనాడు ఎవరికీ తెలియదు. లండన్‌లో జాన్ స్నో ఆ సంగతి వీధి పంపు దగ్గర నిరూపించింది 1854లో. క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించింది 1880లలో. మన్రో కాలపు వైద్యులు చెడుగాలిని నమ్మారు. గవర్నరుకు అందిన వైద్యం ఆయనను కాపాడలేకపోయింది. పేరూ ఊరూ నమోదు కాని వేలాది రైతులకు, దండుబాటల మీద నడిచే బండ్లవాళ్లకు ఆ మాత్రం వైద్యం కూడా లేదు.

పట్టణ శుభ్రతను ప్రభుత్వం తన పనిగా తలకెత్తుకోవడానికి అసలు కారణం సైన్యం. 1857 తర్వాత ఇంగ్లీషు పటాలాల సంఖ్య పెరిగింది. వాళ్లు యుద్ధాల్లో కంటే విరేచనాలు, జ్వరాలు, కలరాతో ఎక్కువగా చనిపోతున్నారు. 1859లో వేసిన రాజ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. భారతదేశంలోని ఇంగ్లీషు సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని అది తేల్చింది. ఆ నివేదిక వెనుక ఫ్లోరెన్స్ నైటింగేల్ శ్రమ చాలా ఉంది. 1864లో మద్రాసులో శానిటరీ కమిషన్ ఏర్పడింది. 1865లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది. ఆ దశాబ్దంలోనే కర్నూలు, కడపలకు మునిసిపాలిటీలు వచ్చాయి.

ఆ మునిసిపాలిటీ పేరుకు పట్టణాభివృద్ధి సంస్థ. ఇంటిపన్ను వసూలు చేసుకునే అధికారం దానికి ఇచ్చారు గానీ పట్టణ పోలీసు ఖర్చులో పెద్ద వాటాను కూడా దాని నెత్తిన పెట్టారు. పోలీసులకు జీతాలిచ్చాక మిగిలింది వీధులు ఊడ్పించడానికి, దీపాలు వెలిగించడానికి చాలదు. 1871 చట్టం ఆ భారం దించింది. 1884, 1920 చట్టాలు మునిసిపాలిటీల అధికారాలను విస్తరించాయి. అయినా రాయలసీమ పట్టణాల రాబడి వాన మీద ఆధారపడ్డ వ్యాపారానిదే. పంట పోయిన ఏడు అంగడి మూతపడేది, అంగడి మూతపడితే పన్ను రాదు.

1876–78 కరువు ఈ బలహీనతను బయటపెట్టింది. మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, బళ్లారి, కడప ముందున్నాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. చనిపోయిన వాళ్లందరూ ఆకలితోనే పోలేదు. కరువు పనుల దగ్గర, గంజి కేంద్రాల దగ్గర వేల మంది ఒకేచోట చేరారు. ఎండిన చెరువు అడుగున మిగిలిన బురదనీటిని తాగారు, ఆ పక్కనే బహిర్భూమికి వెళ్లారు. కలరా ఆకలి వెంటే నడిచింది. కరువు కూలికి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడా కూలి చాలని వాదించిన భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. మరణాలను లెక్కగట్టే శాఖ నుంచే ఆ నిరసన రావడం గమనించదగ్గది.

కాలువ వచ్చింది, మోరీ మిగిలింది

అప్పటికే కర్నూలు మీదుగా ఒక పెద్ద కాలువ పారుతోంది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, 5 శాతం వడ్డీకి ప్రభుత్వ హామీతో లండన్‌లో మూలధనం సేకరించిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి 1860లలో ఈ కాలువను తవ్వించింది. పడవలు నడవాలన్నది, పొలాలు తడవాలన్నది లక్ష్యం. కర్నూలు దగ్గర హంద్రీ నదిని దాటించడానికి రాతి అక్విడక్టు కట్టారు. కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. ఆ కాలువే ఈనాటి కె.సి. కెనాల్, కర్నూలు–కడప కాలువ. రెండు పట్టణాలనూ ఒక్క పేరులో కట్టిపడేసిన నీటి దారి అదే.

కాలువ తవ్వినవాళ్ల లెక్కలో పొలం ఉంది, పడవ ఉంది. పట్టణం లేదు. ఊళ్లో నుంచి పారే కాలువ నీటినే జనం తాగారు, దానిలోనే బట్టలుతికారు, పశువులను కడిగారు. ఊరి మురుగు కూడా పల్లం చూసుకుని దానిలోకే చేరింది. కాలువను ఊటబావిలా, మోరీలా ఏకకాలంలో వాడుకునే అలవాటు ఇక్కడ మొదలై ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇళ్ల ముందు సైడు కాలవలు మాత్రం రాయలసీమ సొంత పద్ధతిలో రూపుదిద్దుకున్నాయి. అటూ ఇటూ రాయి పేర్చి, పైన కడప బండ పరిచి, ఇంటి గడపకు దారి చేసుకోవడం ఈ పట్టణాల ముద్ర. బండ చవక, సున్నం చవక, రాతిపని తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు. స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు, వాననీరు అన్నీ ఆ మోరీలోనే పోతాయి. అది వాననీటి కోసం పుట్టిన కాలవ. మలాన్ని మోయడానికి కట్టింది కాదు.

మలాన్ని నీటితో కొట్టుకుపోయేలా చేయడానికి పెద్ద నగరాలు వేరే దారి పట్టాయి. మద్రాసుకు 1872లో రెడ్ హిల్స్ నీరు వచ్చింది. దాని వెనుక, 20వ శతాబ్దం తొలి దశకాల్లో, భూగర్భ మురుగు గొట్టాలు వచ్చాయి. హైదరాబాదును 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద అదుపునకు జలాశయాలను, నగరానికి డ్రైనేజిని కలిపే ఆలోచించాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆ నీటి అండ చూసుకునే హైదరాబాదు మురుగు గొట్టాలు నడిచాయి. కర్నూలు, కడపలకు అలాంటి సొంత జలాశయం లేదు. వేసవిలో తుంగభద్ర ఇసుకగా మారుతుంది. కడపకు ఆధారం పెన్నా ఇసుకలో తవ్విన బావులు. తాగడానికే తడుముకునే ఊరు మలం మీద నీళ్లు పోసి వదిలేయలేదు.

చట్టం కంటే ముందున్న కులం

నీళ్లు లేనిచోట ఆ పని మనుషులతో చేయించారు. పెరటి వెనుక పాయిఖానా, దాని వెనుక చిన్న సందు, ఆ సందులోంచి వచ్చి చేత్తో ఎత్తి, బుట్టలో నింపి, తలమీద మోసుకుపోయే పాకీవాళ్లు. ఇదే సుమారు నూరేళ్లపాటు మన పట్టణాల మురుగు వ్యవస్థ. దీనికి గొట్టాలు లేవు, పంపులు లేవు, కులం ఉంది. ఆ పనిలోకి మునిసిపాలిటీలు తీసుకున్నది దాదాపుగా దళిత కులాల వాళ్లనే. పని తండ్రి నుంచి కొడుక్కు, అత్త నుంచి కోడలికి సంక్రమించింది. ఉదయం ఆలస్యమైతే తిట్లు, పండగనాడు పాత బట్టలు.

మునిసిపల్ పన్నుల పట్టికలోనూ దీని ఆనవాలు ఉంది. 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ఆస్తిపన్నును భాగాలుగా విడగొట్టింది. సాధారణ పన్ను, నీరు–డ్రైనేజి పన్ను, దీపాల పన్ను, పారిశుధ్య పన్ను వేర్వేరు. మద్రాసు కాలపు చట్టాల నుంచి వచ్చిన విభజన ఇది. నీటికి, మురుగుకు ఒకే పన్ను పెట్టిన చట్టం, చెత్త మలం ఎత్తడాన్ని విడిగా ఉంచింది. మొదటిది ఇంజనీరు చేతికి వెళ్లింది. రెండోది మేస్త్రీ చేతికి, అక్కణ్ణుంచి పాకీ కార్మికుల మీదికి.

1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. దేశంలో అలాంటి సమగ్ర చట్టాల్లో అదే మొదటిది. డ్రైనేజి, మరుగుదొడ్ల ఏర్పాటును స్థానిక సంస్థల బాధ్యతగా అది స్పష్టం చేసింది. బాధ్యత కాగితం మీదికి వచ్చినా పని చేసే చేతులు మాత్రం మారలేదు.

మార్పు రావడానికి ఉద్యమం కావలసి వచ్చింది. కోలారు బంగారు గనుల్లో స్థిరపడ్డ తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారి తోడ్పాటుతో 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించాడు. పొడి పాయిఖానాలను నిషేధిస్తూ పార్లమెంటు 1993లో చట్టం చేసింది. అది మొదట వర్తించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కానీ అధికారులు తమ పరిధిలో అలాంటి దొడ్లే లేవని రాసిచ్చేవారు. ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి ఫొటోలు తీసి, లెక్కలు రాసి, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013లో మరింత పకడ్బందీ చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ రూ.10 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని రూ.30 లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో మెగసెసె పురస్కారం దక్కింది.

రాజధాని మూడేళ్లు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు లేక కార్యాలయాలను, ఉద్యోగులను డేరాల్లో పెట్టారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. రాజధానిగా నిలిచి ఉంటే వచ్చే నీటి పథకాలు, డ్రైనేజి ప్రణాళికలు కర్నూలుకు దక్కలేదు. జనం మాత్రం తగ్గలేదు. వైద్య కళాశాల, పెద్దాసుపత్రి, కోర్టులు, చుట్టూ ఉన్న కరువు పల్లెల వలస కలిసి ఊరిని పెంచాయి. 1994లో కర్నూలు, తర్వాతి దశాబ్దంలో కడప నగరపాలక సంస్థలయ్యాయి. 2011 జనగణన నాటికి కర్నూలు నగర జనాభా సుమారు 4.3 లక్షలు, కడప జనాభా సుమారు 3.4 లక్షలు.

ఈ పెరుగుదలను మోసింది సెప్టిక్ ట్యాంకు. పాకీ దొడ్డి పోయి ఫ్లష్ దొడ్డి వచ్చింది. ఇంటి కింద గుంట తవ్వి, మలాన్ని అందులో మురగనిచ్చి, తేరిన నీటిని పక్కన ఇంకుడు గుంటలోకి పంపాలి. పద్ధతి మంచిదే, నేల ఒప్పుకుంటే. నంద్యాల వైపు నల్లరేగడి తడిస్తే నీటిని ఇంకనివ్వదు. కర్నూలు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి నేల పగుళ్లతో, సొరంగాలతో నిండి ఉంటుంది. బెలుం గుహలే అందుకు సాక్ష్యం. అలాంటి నేలలో గుంటలోని నీరు వడపోత లేకుండానే బోరుబావికి చేరగలదు. పాత పేటల ఇరుకిళ్లలో ఇంకుడు గుంటకు జాగానే లేదు. దాంతో ట్యాంకు నుంచి గొట్టం నేరుగా సైడు కాలవలోకి తిరిగింది. వాననీటి కోసం కట్టిన మోరీ ఆ విధంగా మురుగు కాలవ అయింది.

వంకలు మోసిన భారం

మోరీలన్నీ వంకల్లోకే పోతాయి. కడప నడిబొడ్డు నుంచి బుగ్గవంక పారుతుంది, పెన్నాలో కలుస్తుంది. కర్నూలును హంద్రీ రెండుగా చీల్చి తుంగభద్రలో చేరుతుంది. నంద్యాల పక్కన కుందూ, ఊళ్లోంచి మద్దిలేరు, చామకాలువ. ఇవి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయే ప్రవాహాలు. పైనుంచి మంచినీరు రాని నెలల్లో వీటిలో కనిపించే నీరు ఊరి నుంచి వచ్చిందే. గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి వేసవిలో కర్నూలు తాగునీటికని హంద్రీలోకి నీళ్లు వదిలిన సందర్భాలున్నాయి. తాగునీరు తెచ్చే నది, మురుగు మోసే నది ఒకటే కావడం ఇక్కడి విడ్డూరం.

ఏళ్ల తరబడి నీరు రాకపోయేసరికి వంకను ఖాళీ జాగా అనుకున్నారు. గట్లు తగ్గాయి, ఇళ్లు లేచాయి, చెత్త పోశారు. కానీ రాయలసీమ వాన తక్కువే తప్ప మెల్లనిది కాదు. ఏడాది మొత్తంలో పడే సుమారు 700 మిల్లీమీటర్లలో పెద్ద భాగం కొద్ది రోజుల్లోనే కురుస్తుంది. 2001లో బుగ్గవంక కడపను ముంచి ప్రాణాలు తీసింది. ఆ తర్వాత వంకకు రక్షణ గోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుపానుకు అదే వంక మళ్లీ కాలనీల్లోకి వచ్చింది.

కర్నూలుకు ఆ రోజు 2009 అక్టోబరు 2. ఎగువన కురిసిన వానకు తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పోటెత్తాయి. దిగువన శ్రీశైలం నిండి నీరు వెనక్కి తన్నింది. పాతబస్తీ పేటలు మేడల దాకా మునిగాయి. నీరు తీశాక మిగిలింది ఒండ్రు. ఇళ్లలో, మోరీల్లో, బావుల్లో, ఆసుపత్రిలో మోకాటిలోతు బురద. దాన్ని ఎత్తిపోయడానికి ఇతర పట్టణాల మునిసిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులను రప్పించారు. నగరం మళ్లీ నడవగలిగింది వాళ్ల పారల వల్ల. 1908 వరద హైదరాబాదుకు జలాశయాలను, డ్రైనేజిని తెచ్చింది. 2009 వరద కర్నూలు నగరమంతటికీ భూగర్భ డ్రైనేజిని తేలేదు.

గొట్టం అడిగే నీరు

భూగర్భ డ్రైనేజి అంటే నేల కింద గొట్టాలు వేయడం ఒక్కటే కాదు. ఆ గొట్టంలో నీరు సెకనుకు కనీసం 0.6 మీటరు వేగంతో పారాలి. అంతకు తగ్గితే మలం, ఇసుక అడుగున పేరుకుంటాయి. ఆ వేగానికి వాలు కావాలి, వాలు ఉన్నా నీరు కావాలి. అందుకే కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ ప్రమాణాల్లో, డ్రైనేజి ఉన్న పట్టణానికి తలకు రోజుకు 135 లీటర్లు, లేని పట్టణానికి 70 లీటర్లు అని రాశారు. సరఫరా చేసిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క.

రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్లో ఈ లెక్క తప్పుతుంది. వేగం పడిపోయి గొట్టం పూడుకుంటుంది, మ్యాన్‌హోలు పొంగుతుంది. జెట్టింగు యంత్రం, సక్షన్ లారీ ఉంటే వాటితో కొడతారు. లేకపోతే, ఉన్నా చెడిపోయి ఉంటే, ఒక మనిషిని దింపుతారు. లోపల పేరుకున్న మురుగు నుంచి హైడ్రోజన్ సల్ఫైడు వంటి వాయువులు వస్తాయి. ఒకటి రెండు శ్వాసలకే మనిషి పడిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. నీటి ఎద్దడికి, మ్యాన్‌హోలు మరణానికి ఉన్న సంబంధాన్ని మన చర్చలు పట్టించుకోవు. కరువు సీమలో గొట్టం వేసేటప్పుడు మొదట ఆలోచించవలసింది అదే.

గొట్టాల చివర శుద్ధి కేంద్రం ఉండాలి. అక్కడ మొదట జాలీలు గుడ్డలను, ప్లాస్టిక్కును ఆపుతాయి. తర్వాత ఇసుక దిగుతుంది. ఆపైన తొట్టెల్లో గాలి కొట్టి సూక్ష్మజీవులను పెంచుతారు. మలినాన్ని తినేవి అవే. తేటనీరు పైకి, బురద కిందికి చేరాక నీటికి క్లోరిన్ కలిపి వదులుతారు. ఈ పనికి రాత్రింబవళ్లు కరెంటు కావాలి. గాలి పంపులు కొన్ని గంటలు ఆగితే ఆ జీవులు ఊపిరాడక చస్తాయి. తొట్టె మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది. కట్టడం ఒక్కసారి అయ్యే ఖర్చు. నడపడం ఎప్పటికీ తీరని ఖర్చు.

మన పాలనా ఏర్పాటు ఇక్కడే తడబడుతుంది. కట్టడానికి డబ్బు ఢిల్లీ నుంచి పథకం రూపంలో వస్తుంది. 2005 నాటి పట్టణ పునరుద్ధరణ పథకాల రోజుల్లో కడపలో డ్రైనేజి పనులు మొదలయ్యాయి గానీ నగరమంతా విస్తరించలేదు. 2015లో మొదలైన అమృత్ పథకంలో కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, నంద్యాల చేరాయి. నడిపే ఖర్చు మాత్రం నగరపాలక సంస్థ ఇంటిపన్నుల మీదే పడుతుంది. పైగా కాలవ కట్టేది ఇంజనీరింగ్ విభాగం, పూడిక తీసేది ప్రజారోగ్య విభాగం. కాలవ వాలు తప్పుగా ఉంటే ఇంజనీరుకు తెలియదు, తెలిసిన మేస్త్రీని ఎవరూ అడగరు. 2019 అక్టోబరు 2న వచ్చిన వార్డు సచివాలయాల్లోనూ సౌకర్యాల కార్యదర్శి వేరు, పారిశుధ్య కార్యదర్శి వేరు. పాత చట్టం గీసిన గీత కొత్త వ్యవస్థలోనూ అలాగే ఉంది.

ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ కార్మికులు. 2015 జులైలో, మళ్లీ 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. జీతం, ఉద్యోగ భద్రత వాళ్ల ప్రధాన కోరికలు. సమ్మె సాగిన రోజుల్లో వీధులు ఎలా మారాయో ప్రతి పట్టణం చూసింది.

లెక్కలోకి రాని నీరు

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి ఐదు. వాటిలో రెండు ఒక్క ఉమ్మడి కర్నూలు జిల్లావి: మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర, నంద్యాల నుంచి మద్దూరు దాకా కుందూ. జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది రాష్ట్రాలను కార్యాచరణ ప్రణాళికలు అడిగింది. కాలుష్య మండలి 2021లో వెలువరించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2,882కు 833. అంటే రాష్ట్రం దేశ సగటుకు కూడా చాలా దూరంలో ఉంది.

నీటి హక్కుల కోసం రాయలసీమ చేసిన పోరాటం న్యాయమైనది. పోతిరెడ్డిపాడు, హంద్రీ–నీవా, గాలేరు–నగరి ప్రాజెక్టుల్లో ప్రతి ఒక్కటీ ఆ పోరాట ఫలం. నికర జలాలు, మిగులు జలాలు అన్న మాటలు ఇక్కడి రచ్చబండల మీద కూడా వినిపిస్తాయి. కానీ మన పట్టణాలు వాడి వదిలే నీరు ఏ పద్దులోనూ లేదు. ప్రమాణాల ప్రకారం నీరిచ్చి, 2011 జనాభానే తీసుకుని లెక్క వేస్తే కర్నూలు, కడప రెండూ కలిసి రోజుకు సుమారు 83 మిలియన్ లీటర్ల మురుగు వదులుతాయి. ఏడాదికి అది ఒక టీఎంసీ పైమాట. సుంకేసుల బ్యారేజీ నిల్వ సామర్థ్యం 1.2 టీఎంసీలు. వాన పడ్డా పడకపోయినా, ఎగువ రాష్ట్రం వదిలినా వదలకపోయినా ఏడాది పొడవునా వచ్చే నీరు ఇది ఒక్కటే.

దీన్ని వాడుకోవడం ఊహాలోకపు మాట కాదు. 15 టీఎంసీల ఒప్పందంతో తెలుగుగంగ కృష్ణా జలాలను ఈ రెండు జిల్లాల మీదుగానే చెన్నైకి మోస్తోంది. ఆ చెన్నైలో మణలి పరిశ్రమలు 1990ల నుంచి మురుగును శుద్ధి చేసుకుని వాడుకుంటున్నాయి. 2019లో కొయంబేడు, కొడుంగైయూర్లలో రోజుకు 45 మిలియన్ లీటర్ల చొప్పున పరిశ్రమల కోసం పునర్వినియోగ కేంద్రాలు పెట్టారు. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 జాతీయ విద్యుత్ టారిఫ్ విధానం చెబుతోంది. ప్రొద్దుటూరుకు రాయలసీమ థర్మల్ కేంద్రం ఆ దూరంలోనే ఉంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి. వాటికి ఇచ్చే ప్రతి లీటరు శుద్ధి నీటికి బదులుగా మైలవరం జలాశయం, పెన్నా నది నీరు ఒక లీటరు తాగడానికి, సాగుకు మిగులుతుంది.

ఇందుకు మూడు పనులు కావాలి. శుద్ధి కేంద్రాన్ని నడిపే కరెంటు ఖర్చును కట్టే ఖర్చుతో పాటే పథకంలో చేర్చాలి. మోరీ కట్టే విభాగాన్ని, దాన్ని శుభ్రం చేసే విభాగాన్ని ఒకే బాధ్యత కిందికి తేవాలి. మ్యాన్‌హోలులోకి మనిషి దిగవలసిన అవసరాన్ని యంత్రంతో, చాలినంత నీటితో పూర్తిగా తీసేయాలి. ఈ మూడూ జరిగాక రాయలసీమ నీటి ఉద్యమం తన కోరికల జాబితాలో ఈ ఒక్క టీఎంసీని కూడా చేర్చుకోవాలి. దీని కోసం ఏ ట్రిబ్యునల్ తీర్పూ అక్కర్లేదు, ఏ పొరుగు రాష్ట్రాన్నీ అడగనక్కర్లేదు.